చలికాలం పెర్ఫ్యూమ్‌తో మెడ మీద దురద... మానేయాల్సిందేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. వయసు 31. చలికి హాయిగా ఉంటుందని దాల్చినచెక్క, లవంగం, వెనిలా వాసనలున్న పెర్ఫ్యూమ్ కొన్నాను. రెండు వారాలు వాడాక మెడకు రెండు పక్కలా ఎర్రబడి దురద మొదలైంది. ఆ వాసనంటే నాకు ప్రాణం. పూర్తిగా మానేయాలా? అత్తరుకు మారితే సరిపోతుందా?

– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇప్పటికైతే ఆపేయండి. చర్మం పూర్తిగా మామూలయ్యేదాకా మెడ మీద ఏ సెంటూ వద్దు. కొట్టుకోగానే చురుక్కుమని మంట పుట్టి కాసేపట్లో తగ్గిపోతే, అది పొడిబారిన చర్మానికి ఆల్కహాల్ తగిలిన మంట అనుకోవచ్చు. మీకలా కాదు. కొన్నాళ్లు వాడాక దురద మొదలైందంటే నేను ముందు అలర్జీనే అనుమానిస్తాను. దాల్చినచెక్కకు ఆ వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్, లవంగంలోని యూజెనాల్... రెండూ చర్మానికి అలర్జీ తెప్పిస్తాయని బాగా తెలిసినవే. అయితే ఎర్రదనం సరిగ్గా చైన్ ఆనే చోటే ఉంటే గిల్టు నగల్లోని నికెల్‌నూ అనుమానించాలి.

అత్తరులో ఆల్కహాల్ ఉండదు కాబట్టి మంట తగ్గవచ్చు, అంతే. లవంగ నూనె కలిసిన అత్తరులోనూ యూజెనాల్ ఉంటుంది, పైగా నూనె చర్మాన్ని వదలదు. 'నేచురల్' అని రాసి ఉందని నమ్మి మెడకు రాసుకోకండి.

చర్మవ్యాధుల డాక్టర్‌ని కలిసి ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. అలర్జీ తెప్పించే పదార్థాలు ఉంచిన చిన్న పట్టీలు వీపు మీద అంటించి 48 గంటల తర్వాత తీస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అప్పటిదాకా వీపు తడవకూడదు. మీకు పడనిదేదో తేలితే, అది ఉన్న సెంటు, సబ్బు, క్రీమ్ అన్నీ మానాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు తెచ్చి పూయకండి. వాటివల్ల చర్మం పలచబడిన వాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. కళ్లు, పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అలర్జీ కాదని తేలితే ఈ వాసనలు మళ్లీ వాడుకోవచ్చు. కొత్తది కొనేముందు చిన్న శాంపిల్ తెచ్చుకుని, మోచేతి మడత దగ్గర ఒకేచోట రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. స్నానం కాగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకుని, సెంటును బట్టల మీదే కొట్టుకోండి. పట్టు మీద మాత్రం మరకలు పడతాయి. చలిలో సెంటు నెమ్మదిగా ఆవిరవుతుంది. పొద్దున 16 డిగ్రీల చలిలో వాసన చాలట్లేదనిపించి ఇంకో నాలుగుసార్లు కొడతాం. మన ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కానీ, మధ్యాహ్నం ఎండెక్కాక అదే ఘాటుగా గుప్పుమంటుంది. ఒకటి రెండు స్ప్రేలు చాలు. అద్దాలు బిగించిన ఆఫీసు క్యాబ్‌లో పక్కన ఆస్తమా ఉన్నవాళ్లుంటే, ఆ రోజుకు అదీ వద్దు.