మంచె మీద పేరు రాసుకుంటే చోటు మనదవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మేం మిషిగన్‌లోని నోవైలో ఉంటాం. నేను హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు స్నేహితుడి పుణ్యమా అని మూడేళ్లుగా జింకల వేట అలవాటైంది. లైసెన్స్, తుపాకీ రెండూ నా పేరు మీదే ఉన్నాయి. గ్రేలింగ్ దగ్గర రాష్ట్ర అటవీ భూమిలో అక్టోబరులోనే ఒక చెట్టుకు ట్రీ స్టాండ్, అంటే వేటకు కూర్చునే మంచె, బిగించి, నా పేరు, అడ్రసు రాసి పెట్టాను. నవంబరు 15 తెల్లవారుజామున వెళ్లేసరికి ఎవరో పెద్దమనిషి అందులో కూర్చుని ఉన్నాడు. దిగమంటే దిగలేదు, పైగా ‘మీ దేశం పో’ అన్నాడు. నేనూ కింద నిలబడి నలభై నిమిషాలు గొడవ పడ్డాను. ‘నువ్వు దిగేదాకా ఇటు ఒక్క జింకను రానివ్వను’ అని కోపంలో అనేశాను. చివరికి పక్కకు వెళ్లిపోయాను. పది గంటలకు ఒక మగ జింకను కాలిస్తే వెనక తొడకు తగిలింది. అది రెండు వందల గజాలు పరిగెత్తి అతని ముందుకే పోయింది. అతను కాల్చి పడగొట్టి, తన ట్యాగ్ (లైసెన్స్‌తో వచ్చే చీటీ) కట్టేసుకున్నాడు. నా స్టాండు, నా జింక రెండూ పోయాయి. అతని మీద కేసు వేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీరు అడిగిన ప్రశ్న కోసం. రెండోసారి, మీరు మాటవరసకు రాసిన ఆ నలభై నిమిషాల సంగతి కోసం. దాని దగ్గరికి వస్తాను, ముందు స్టాండు విషయం తేల్చేద్దాం.

మన ఊళ్లలో ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం కదా. ఆ కర్చీఫ్‌కు ఏ చట్టంలోనూ విలువ లేదు, అయినా చాలామంది గౌరవిస్తారు. పబ్లిక్ ల్యాండ్‌లో మీరు బిగించిన మంచె కూడా అలాంటి కర్చీఫే. మిషిగన్‌లో ప్రభుత్వ భూమి మీద పెట్టే ట్రీ స్టాండుకు పేరు, అడ్రసు, లేదంటే డ్రైవింగ్ లైసెన్స్ నంబరో, సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) ఇచ్చే స్పోర్ట్‌కార్డ్ నంబరో ఉండి తీరాలి. చాలామంది దీన్ని రిజర్వేషన్ అనుకుంటారు. కాదు. ఆ వస్తువు ఎవరిదో అధికారులకు తెలియడానికే ఆ పేరు. పేరు రాసినంత మాత్రాన ఆ చోటు మీద మీకు ఒక్కరికే హక్కు రాదని డీఎన్ఆర్ స్పష్టంగానే చెబుతుంది. ముందు వచ్చి కూర్చున్నవాడిదే ఆ పూట.

వస్తువు మాత్రం మీదే. అతను దాన్ని విప్పి ట్రక్కులో వేసుకుపోతే దొంగతనం, విరగ్గొడితే ఆస్తి ధ్వంసం. కూర్చుంటే? మర్యాద తప్పిన పనే, నేరం కాదు. పనిలో పనిగా మీ స్టాండు ఒకసారి చూసుకోండి. చెట్టు బెరడులోకి దిగే మేకు గాని స్క్రూ గాని ఉంటే ప్రభుత్వ భూమిలో అది మీ తప్పు అవుతుంది. పట్టీలతో కట్టేవే వాడాలి. సీజన్ అయ్యాక తీసేయడానికి గడువు కూడా ఉంటుంది, ఆ ఏటి నిబంధనల పుస్తకంలో తేదీ చూసుకోండి.

ఇక జింక. అడవి జంతువు ఎప్పుడు ఒకరి సొత్తు అవుతుందన్న తగాదా అమెరికాలో చాలా పాతది. 1805లో న్యూయార్క్ సుప్రీంకోర్టుకు ఒక నక్క కేసు వచ్చింది. ఎవరిదీ కాని ఒక బీడు తీరంలో పోస్ట్ అనే ఆయన వేటకుక్కలతో నక్కను తరుముతున్నాడు. అది తెలిసి కూడా పియర్సన్ అనే ఆయన అడ్డుపడి, దాన్ని చంపి పట్టుకుపోయాడు. కోర్టు పియర్సన్ పక్షమే తీర్పు చెప్పింది. తరిమినంత మాత్రాన జంతువు నీది కాదు, చేత చిక్కించుకోవాలి, లేదా తప్పించుకోలేనంతగా ప్రాణాంతకంగా గాయపరచి వెంట పడుతూ ఉండాలి అన్నది దాని సారం. ఇక్కడ లా కాలేజీలో చేరిన వాళ్లకు మొదటి ఏడాదిలోనే ఈ నక్క ఎదురవుతుంది. నాకు నచ్చేది మాత్రం ఆ తీర్పుతో విభేదించిన జడ్జి లివింగ్‌స్టన్ అన్న మాట. ఇలాంటి తగువు అసలు కోర్టుకు రావాల్సింది కాదు, వేటగాళ్ల పంచాయితీకే వదిలేయాల్సింది అన్నాడాయన.

మీ కేసుకు దీన్ని పెట్టి చూడండి. మీ తూటా వెనక తొడకు తగిలింది. జింక రెండు వందల గజాలు పరిగెత్తింది. అతని ముందుకు వచ్చేటప్పటికి కూడా పరుగులోనే ఉందని మీరే రాశారు. ఊపిరితిత్తులకు తగిలి, ఎలాగూ కాసేపట్లో కూలిపోయే జింక అయ్యుంటే మీ వాదనకు బలం ఉండేది. తొడ గాయంతో ‘ఇది తప్పించుకోలేదు’ అని నిరూపించడం కష్టం. పైగా కాల్చి పడగొట్టినవాడు వెంటనే తన ట్యాగ్ కట్టాలి, 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో రిపోర్టు చేయాలి. కాగితాల ప్రకారం అతను సరిగ్గానే ఉన్నాడు. చిన్న దావాల కోర్టుకు వెళ్లొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఆ మాంసం ఎప్పుడో వండేసి ఉంటారు, కొమ్ములకు మీరు చెప్పే విలువ జడ్జికి అర్థం కాదు. నేనైతే ఫీజు తీసుకుని ఈ కేసు వేయను.

వేటగాళ్ల మధ్య ధర్మం వేరు. మొదట గట్టి దెబ్బ కొట్టినవాడిదే జింక అనే బృందాలు ఉన్నాయి, చివరి తూటాదే అనే వాళ్లూ ఉన్నారు. పెద్దమనిషి అయితే నెత్తురు జాడ పట్టుకుని మీరు వచ్చేదాకా ఆగి, ‘నీ దెబ్బ ఎక్కడ తగిలింది’ అని అడిగేవాడు. అతను అడగలేదు. అది లోటే. దానికి కోర్టులో మందు లేదు.

ఇప్పుడు ఆ నలభై నిమిషాలు.

మిషిగన్ చట్టంలో, అంటే పర్యావరణ పరిరక్షణ చట్టంలోని 40112 సెక్షన్‌లో, చట్టబద్ధంగా వేటాడుతున్న మనిషిని కావాలని అడ్డుకోవడం నేరం. మొదటిసారికే 93 రోజుల దాకా జైలు, 500 నుంచి 1,000 డాలర్ల జరిమానా, లేదా రెండూ. వేటను వ్యతిరేకించే వాళ్లు వచ్చి డప్పులు కొడితేనే ఇది వర్తిస్తుందని చాలామంది భ్రమ. వేటగాడు వేటగాడిని అడ్డుకున్నా ఇదే సెక్షన్. అతను కూర్చున్నది అతనికి హక్కున్న చోట. మీరు కింద నిలబడి అరిచారు. ‘ఒక్క జింకను రానివ్వను’ అని ఉద్దేశం కూడా నోటితో చెప్పారు. ఆ రోజు అతను ఫోన్ తీసి రికార్డు చేసి వేట చట్టాలు అమలుచేసే కన్జర్వేషన్ ఆఫీసర్‌కు ఇచ్చి ఉంటే, ఈ ఉత్తరం మీరు వేరే టెన్షన్‌తో రాసేవారు. ఆ గొడవలో భుజాన ఉన్న తుపాకీ మొన కావాలని అతని వైపు తిప్పి ఉంటే, అది మరో నేరం.

పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో 2004 నవంబరు 21న ఏం జరిగిందో మీ ఆఫీసు స్నేహితుడిని అడగండి. సాయర్ కౌంటీలో ఇతరుల ప్రైవేటు భూమిలో ఉన్న ట్రీ స్టాండులో ఒక హ్మాంగ్ (ఆగ్నేయాసియా మూలాలున్న జాతి) వేటగాడు కూర్చోవడంతో మాట మాట పెరిగింది. ఆరుగురు చనిపోయారు, ఇద్దరు గాయపడ్డారు. కాల్చినవాడికి యావజ్జీవ శిక్ష పడింది. 2007 జనవరిలో అదే రాష్ట్రంలో, ఈసారి పబ్లిక్ ల్యాండ్‌లో, ఉడుతల వేటకు వెళ్లిన ఒక హ్మాంగ్ మనిషి హత్యకు గురయ్యాడు. చంపిన మరో వేటగాడికి 69 ఏళ్ల శిక్ష వేశారు. అడవిలో ఎదురైన ఇద్దరి చేతుల్లోనూ తుపాకులు ఉంటాయి, చూసేవాళ్లు ఉండరు. రంగు వేరైతే మాట ఇంకా త్వరగా తెగుతుంది.

‘మీ దేశం పో’ అన్న మాట బాధ పెట్టేదే. ఆ మాట ఒక్కటే నేరం కాదు. జాతి కారణంగా చేయి చేసుకోవడం, వస్తువు పగలగొట్టడం, అలా చేస్తానని బెదిరించడం కలిస్తే మాత్రం ఫెలొనీ, అంటే తీవ్ర నేరం, దాకా వెళుతుంది. ఇంకోసారి అలా అయితే వాదించకండి. కారు దగ్గరికి వచ్చి టైము, చోటు, బండి నంబరు, అన్న మాటలు రాసుకుని డీఎన్ఆర్‌కు ఫోన్ చేయండి.

మీ చోట మనిషి కనిపిస్తే ఏం చేయాలో ఇక్కడ పాతికేళ్లుగా వేటాడేవాళ్లను అడిగితే ఒకే మాట చెబుతారు. టార్చ్ ఒకసారి ఆడించి మీరున్నట్టు తెలియజేసి, చప్పుడు లేకుండా వెనక్కి తిరగాలి. అందుకే ఎప్పుడూ రెండో చోటు, మూడో చోటు మనసులో పెట్టుకుని వస్తారు. పార్కింగ్ దగ్గర అప్పటికే నాలుగు ట్రక్కులు కనిపిస్తే వేరే దారి పడతారు. ఒకరి స్టాండు కనిపించే దూరంలో ఇంకొకటి కట్టరు. ఇవేవీ చట్టంలో లేవు. మీది కట్టిన చోటికి దగ్గర్లో అతను పదేళ్లుగా వస్తున్నాడేమో, ఆ సంగతి మీరు వాకబు చేశారా? నేను అతన్ని వెనకేసుకు రావడం లేదు, ఉత్తరంలో ఒక వైపే ఉంది కాబట్టి అడుగుతున్నాను.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, అన్నిటికంటే పెద్దది అదే. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. మీకు ఉన్న మినహాయింపు ఒక్కటే, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. మిషిగన్ లైసెన్స్ మార్చి 31తో ముగుస్తుంది. సీజన్ నవంబరులో కదా, అప్పుడు చూద్దాంలే అని రెన్యువల్ వాయిదా వేస్తే, ఏప్రిల్ 1 నుంచి మీ అల్మరాలో ఉన్న తుపాకీయే ఫెడరల్ నేరం. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణం అవుతుంది. చిన్న వేట కేసులో జరిమానా టికెట్ ఇచ్చినా, రేపు పౌరసత్వం ఫారంలో ఆ సంగతి రాయాల్సి వస్తుంది.

కొత్త ఏడాది లైసెన్స్ మార్చి 1 నుంచే అమ్ముతారు. ఆ వారంలోనే కొనేయండి, పాతదీ కొత్తదీ రెండూ తుపాకీ పెట్టెలోనే ఉంచండి. కేసు సంగతి వదిలేయండి.