ఇంజనీరింగు కుర్రాడికి ఉద్యోగపర్వం ఎందుకంటే

కందుకూరు

అబ్బయ్యా,

భారతం, ప్లేటో చదివితే మార్కులొస్తాయా అని మీ నాన్న అడుగుతున్నాడని రాశావు. రావు, ఒక్క మార్కు కూడా రాదు. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పెయ్. కానీ రాత్రి పదకొండింటికి తలుపు తడితే వాదనకు కూర్చునే ఈడు వాళ్లు ఉద్యోగంలో చేరాక దొరకరు. హాస్టల్లో ఉన్న ఈ నాలుగేళ్లలోనే చదవమనేది అందుకు.

అమెరికాలో అనాపొలిస్ అనే ఊళ్లో సెయింట్ జాన్స్ కాలేజీ ఉంది. అక్కడ 1937 నుంచి నాలుగేళ్ల చదువంతా మూలగ్రంథాల మీదే నడుస్తుంది. సెమినార్లో ఉపన్యాసం ఉండదు. అధ్యాపకుడు ఒక ప్రశ్న వేస్తాడు, మిగతా మాటలన్నీ పుస్తకం ముందు పెట్టుకున్న పిల్లలవే. వాళ్ల జాబితా చాలావరకు పడమటి దేశాలది, అది మనకక్కర్లేదు. పద్ధతి మాత్రం తీసుకో.

సెమిస్టరుకు ఒక్క పుస్తకం చాలు. నీకైతే యూక్లిడ్ రేఖాగణితం మొదటి భాగంతో మొదలుపెట్టమంటాను. 23 నిర్వచనాలు, 5 స్వీకృతాలు (రుజువు అడక్కుండా ఒప్పుకునేవి), 5 సామాన్య భావనలు, 48 ప్రతిపాదనలు, అంతే. రోజుకొక ప్రతిపాదన. కళ్లతో చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతారు. పుస్తకం మూసి బోర్డు మీద నువ్వే గీసి నిరూపించు, మెట్టుమెట్టుకీ "ఇది దేన్ని బట్టి?" అని పక్కవాడు అడగాలి.

మొదటి ప్రతిపాదనే చూడు. గీత రెండు కొసలూ కేంద్రాలుగా, ఆ గీతే వ్యాసార్ధంగా రెండు వృత్తాలు గీస్తాడు. అవి ఖండించుకున్న చోటు నుంచి సమబాహు త్రిభుజం కడతాడు. అసలు ఆ వృత్తాలు ఖండించుకుంటాయని ఎక్కడ చూపించాడు? అయిదు స్వీకృతాలూ వెతుకు, దొరకదు. బొమ్మలో కనపడుతోంది కాబట్టి మనం ఒప్పేసుకున్నాం. ఈ సందు ఎవరూ చెప్పకుండా నీకే తట్టిందంటే, రేపు ఏ డిజైన్ రిపోర్టు చేతికొచ్చినా ఏది రుజువు చేశారో, ఏది ఊరికే అనుకున్నారో విడదీసి చూడగలవు. మీ నాన్నకు చెప్పాల్సిన జవాబు ఇదే.

రెండో సెమిస్టరుకు తిక్కన. నెల్లూరులో చదువుతూ ఆయన్ని తెరవకపోతే ఎట్లా! అయితే భారతం కదా అని నన్నయ ఆదిపర్వం మొదటి పద్యం దగ్గర మొదలుపెట్టకు. పట్టుదలగా అక్కడ మొదలుపెట్టినవాళ్లు సంస్కృత సమాసాల్లో ఇరుక్కుని యాభై పేజీల్లోపే ఆగిపోతారు. నాలుగు ఆశ్వాసాల ఉద్యోగపర్వం తీసుకో. అంతా రాయబారాలూ, వాదనలే. పూటకు పది పద్యాలు మించొద్దు. టీటీడీ వాళ్ల తాత్పర్యసహిత ప్రతి మంచిది, కాకపోతే తాత్పర్యం మీద ఒక కాగితం కప్పి ఉంచు.

కౌరవసభలో కృష్ణుడు చెప్పే పద్యం ఇది:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడున్

ముందు రెండుసార్లు పైకి చదువు. "ఎ/వ్వారలు", "ని/స్తారకము" పాదం చివర విరిగాయి, వాటిని అతికించు. తర్వాత "ఎవరు, ఏం చేశారు" అని వెతుకు: దక్షులు ఉపేక్ష చేశారు. ఆ తర్వాతే నిఘంటువు, అదీ పద్యానికి మూడు మాటలకు మించకుండా. ఇప్పుడు ప్రశ్న వేసుకో. ధర్మాన్ని ముంచే వాడి సంగతి కాదు, ఆపగలిగీ ఊరుకున్నవాళ్లకే చేటు అంటున్నాడు. ఆ సభలో అట్లా కూర్చున్నది ఎవరెవరు? భీష్ముడు కూడా అందులోకి వస్తాడా? తాత్పర్యం ముందే చూసుంటే "చెడును చూసి ఊరుకోకూడదు" అనే నీతి చేతికొచ్చేది, ఈ ప్రశ్న పుట్టేదే కాదు. మనవైపు భారతం అంటే దండం పెట్టేవాళ్లూ వెక్కిరించేవాళ్లూ ఉన్నారు, పేజీ తిప్పేవాళ్లే తక్కువ.

మూడోది గ్రీకు తత్వవేత్త ప్లేటో, తన గురువు సోక్రటీస్ మీద జరిగిన విచారణ గురించి రాసింది. చిన్నది, రెండు పూటల్లో అయిపోతుంది. నేరం రుజువైందని తేల్చి, ఏ శిక్ష వేయమంటావో నువ్వే చెప్పమంటే, నగరం ఖర్చుతో నాకు భోజనం పెట్టండంటాడు. వెటకారమా, నిజంగానే అన్నాడా? ఒక సాయంత్రమంతా వాదించుకోవచ్చు.

ఒంటరిగా చదవకు. అయిదారుగురు చాలు, ఎనిమిది దాటితే సగంమంది శ్రోతలైపోతారు. ఆదివారం గంటన్నర. ప్రశ్న ఒక్క వాక్యంలో ముందురోజే రాసి పంపుకోండి. మాట్లాడేవాడు పద్యం నంబరో పేజీ నంబరో చెప్పి తీరాలి, లేకపోతే మూడో వారానికే అది సినిమా కబుర్ల సభ అవుతుంది. చదవకుండా వచ్చినవాణ్ణి కూర్చోనివ్వండి, మాట్లాడనివ్వొద్దు. ఒకడే వాయిస్తుంటే వచ్చేవారం ప్రశ్న వేసే పని వాడికే అప్పగించి, వేశాక నోరు మూసుకోమనండి. మిడ్ పరీక్షల వారం మానెయ్యండి, ఆ తర్వాత వారం రెండింతలు చదివి పూడ్చాలని మాత్రం చూడకండి. గుంపులు విడిపోయేది అక్కడే.

యూట్యూబు సారాంశాలు కావాలంటే చివర్లో చూడు, పుస్తకంలో వాళ్లేం వదిలేశారో తెలుస్తుంది.

ఉద్యోగపర్వం జిల్లా గ్రంథాలయంలో అడుగు. ప్లేటో కొనకు, నా దగ్గరుంది. శనివారం ఇటు వచ్చేవాడెవడన్నా ఉంటే చెప్పు, ఇచ్చి పంపిస్తా.

మీ పెదనాన్న