కొరియా, జపాన్ ఎన్‌కోడింగులు పైథాన్‌లోనే ఉండాలా, విడిగా వేసుకోవాలా?

అన్నా, అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూటీఎఫ్-8కి అందరూ వచ్చేశాక, ఏ నంబరు ఏ అక్షరమో చెప్పే పాత చైనా, జపాన్, కొరియా ఎన్‌కోడింగ్ టేబుళ్లను పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఇంకా ఎందుకు మోయాలి, కావాల్సినవాళ్లు నెట్ నుంచి పిప్‌తో వేసుకుంటారు కదా అని అడిగారు. తీయకూడదండి. నాకు అవి అక్కరకొచ్చిన రోజు పిప్ పనిచేసే పరిస్థితే లేదు.

మాది అనంతపురం. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక మా వైపు కొరియా విడిభాగాల కంపెనీలు వచ్చాయి, అలాంటి ఒకదాంట్లో రెండేళ్లు స్టోర్స్ డేటా చూశాను. ఒక సాయంత్రం కొరియా నుంచి పార్టుల లిస్టు సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా వచ్చింది. తెరిస్తే నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ప్లస్-మైనస్ గుర్తులు. రాత్రి షిఫ్టుకి లేబుళ్లు కొట్టాలి, ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ లేదు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు, ఐటీ అతను ఫోన్ ఎత్తడు, టెన్షన్ మామూలుగా లేదు. ఉన్నదల్లా ఎవరో ఎప్పుడో వేసిపోయిన పైథాన్.

ఫైలు ఏ ఎన్‌కోడింగో పైథాన్‌కి చెప్పాలి కదా, ముందు పాత కొరియా ఎన్‌కోడింగైన ఈయూసీ-కేఆర్ అని ఇచ్చాను. కొంత దూరం చక్కగా చదివి, ఒకచోట డీకోడ్ ఎర్రర్‌తో ఆగింది. కొరియా లిపి హంగుల్‌లో కూడబలికితే 11,172 అక్షరాలు వస్తాయి, ఆ పాత ప్రమాణం చోటిచ్చింది 2,350కే. మిగతావాటిని కలుపుకున్నది విండోస్ వాడే సీపీ949. కొరియా విండోస్‌లో ఎక్సెల్ మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసేదీ అందులోనే. ఆ ఒక్క పేరు మార్చాను, ఫైలంతా వచ్చేసింది. జపాన్ ఫైళ్లకూ ఇదే తంతు: పాత ప్రమాణం షిఫ్ట్-జిస్ అంటే సున్నా చుట్టిన 1 (①) దగ్గర ఆగుతుంది, విండోస్ వాడే సీపీ932 అంటే సాగిపోతుంది.

ఇవన్నీ ఒకప్పుడు విడిగానే ఉండేవి. ఈ ఎన్‌కోడింగులను చదివి రాసేందుకు హ్యె-షిక్ చాంగ్ రాసిన కోడెక్‌లను 2004లో పైథాన్ 2.4లో కలిపారు. సైజు పెరుగుతుందన్న మాట నిజమే, కానీ జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా 2019లో 13వ వెర్షన్ నుంచి ప్రపంచ భాషలకు కావాల్సిన పూర్తి ఐసీయూ డేటాను తనతోనే ఇస్తోంది.

మన తెలుగుకి ఆ భాగ్యం దక్కలేదు. పాత డీటీపీ ఫాంట్లు ఒక్కోటీ ఒక్కో కోడ్‌లో ఉండేవి, వాటి టేబుళ్లు పైథాన్‌లో లేవు. మా పెదనాన్న అప్పట్లో డీటీపీ చేయించుకున్న పద్యాల ఫైలు నా దగ్గరుంది, తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. ప్రింటు కాగితాలు పక్కన పెట్టుకుని, ఒత్తు ఒత్తుకీ కళ్లు చికిలించి చూస్తూ మళ్లీ టైప్ చేస్తున్నాను. నలభై పేజీలయ్యాయి, ఇంకా సగం ఉంది.