మచ్చ గింజలు విత్తనానికి పనికొస్తాయా?

ప్రశ్న: పోయిన వానాకాలం చెలకలో వేసిన సాంబ మసూరి ఆకుల మీద నువ్వు గింజల్లాంటి మచ్చలు పడ్డాయి. కార్బెండజిమ్ రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ధాన్యంలో నల్ల మచ్చల గింజలు చాలా ఉన్నాయి. ఆ వడ్లనే ఈసారి విత్తనంగా వాడుకోవచ్చా? – ఒక రైతు, చేవెళ్ల

జవాబు: మీరు చెప్పిన గుర్తులు గోధుమ రంగు మచ్చ తెగులువి. అగ్గితెగులైతే మచ్చ రెండు కొసలా మొనదేలి నూలుకండెలా ఉంటుంది. ఇది కోలగా ఉండి, పెద్దదయ్యాక మధ్యలో బూడిద రంగుకు తిరుగుతుంది, చుట్టూ పసుపు వలయం కనిపిస్తుంది. దీని శిలీంధ్రం (బైపోలారిస్) మీద కార్బెండజిమ్ పెద్దగా పనిచేయదు. మందు మోతాదు పెంచినా ఫలితం అంతే.

వేరే విత్తనం దొరికితే ఆ వడ్లు వాడొద్దు. శిలీంధ్రం ఊకలోనూ, ముదిరితే లోపలి బియ్యపు గింజలోనూ దాగి నిల్వలో ఏళ్ల తరబడి బతుకుతుంది. మండె కట్టినప్పుడు (నానిన గింజలను మొలకకు మూటగట్టి ఉంచినప్పుడు) ఆ తడికి మేలుకుని మొలక తొడుగును పట్టుకుంటుంది. కొన్ని మొలకలు మడిలోనే మాడిపోతాయి, మిగిలినవి మచ్చలను నాటు పొలానికి మోసుకెళ్తాయి.

అవే వాడక తప్పకపోతే ముందు 100 గింజలు తడి గుడ్డలో చుట్టి వారం ఉంచి చూడండి. 80కి తక్కువ మొలిచినా, మొలకల మీద గోధుమ చారలు, గింజల మీద నల్లని నూగు ఎక్కువగా కనిపించినా ఆ వడ్లు మిల్లుకే. అనుమానముంటే రాజేంద్రనగర్‌లోని విత్తన పరిశోధన, సాంకేతిక కేంద్రంలో అడగండి.

పరీక్షలో నెగ్గితే ఉప్పునీళ్లలో తేల్చండి. నీళ్లలో పచ్చి కోడిగుడ్డు వేసి, అది తేలి పైన రూపాయి బిళ్లంత కనిపించేదాకా ఉప్పు కలపాలి. తేలిన తాలు, మచ్చ గింజలు తీసేసి, మునిగిన వాటిని మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. గట్టి గింజల్లోనూ శిలీంధ్రం ఉండొచ్చు కాబట్టి మందుతో విత్తన శుద్ధి మానొద్దు. దంప నారుమడికైతే (నీళ్లు పెట్టి దమ్ము చేసిన మడి) కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు (ఈ తెగులు మీద పనిచేసేది ముఖ్యంగా మాంకోజెబే) లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, కిలో గింజలు 24 గంటలు నానబెట్టి మండె కట్టండి. పొడి మడికైతే కిలోకు 3 గ్రాముల థైరామ్ పట్టించాలి. పొడిమందు పట్టించాక నానబెడితే మందంతా నీళ్లలోకే పోతుంది. శుద్ధి చేసిన గింజలు మిగిలితే కోళ్లకు వేయొద్దు.

అయితే విత్తనం బాగైనంత మాత్రాన ఈ తెగులు వదలదు. ఇది ఆకలిగొన్న పైరు తెగులు, అంటే పోషకాలు అందని పైరుకే ఎక్కువ వస్తుంది. 1943 బెంగాల్ కరువుకు ముందటేడు అక్కడి వరిని కొట్టింది ఇదే (కరువుకు వేరే కారణాలూ ఉన్నాయనుకోండి). చెలకల్లో పొటాష్ నిలవదు, నీళ్లు తగ్గితే పైరు ఇంకా నీరసిస్తుంది. చాలామంది యూరియా వేసి పొటాష్ మానేస్తారు, మచ్చలు అక్కడే ఎక్కువ. ఎకరాకు 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో సగం దమ్ములో, సగం అంకురం దశలో (కాండంలో వెన్ను మొదలయ్యేటప్పుడు) వేయండి. మట్టి పరీక్ష చేయించి ఉంటే దాని ప్రకారం వెళ్లండి.

పైరు మీద మచ్చలు కనిపిస్తే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్, లేదా 1 మి.లీ. ప్రోపికొనజోల్ కలిపి ఎకరాకు 200 లీటర్ల ద్రావణం పిచికారీ చేయండి. పొట్ట దశ దాటాక మొదలుపెడితే ఆకు కొంత నిలుస్తుంది కానీ గింజ మచ్చ అంతగా తగ్గకపోవచ్చు.