దొడ్డి గుమ్మం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో పాత వరస ఇల్లు. వీధి గుమ్మం తూర్పుకి, దొడ్డి పడమరకి. దొడ్డి 18 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. అందులో ఒక మునగ చెట్టు, తులసి కోట, కుళాయి పక్కన బట్టలుతికే బండ, పెంకులు దింపి శ్లాబు వేసినప్పటి పెంకుల గుట్ట ఉన్నాయి. ఎప్పుడూ తడి, దోమలు. సాయంత్రం నలుగురం కూర్చుని టీ తాగేలా మార్చాలని నా కోరిక. మావారు మొత్తం సిమెంటు చేసి పైన రేకులు వేయిద్దామంటారు. నాకేమో ఫోన్లో చూసిన దగ్గర్నుంచి లాన్ మీద మనసు. అత్తగారు తులసి కోట కదపడానికి వీల్లేదంటున్నారు. చేతిలో నలభై వేలున్నాయి. ఎవరి మాట వినమంటారు?
ఓ పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముగ్గురిలో అత్తగారి మాట వినండి. భక్తి సంగతి అలా ఉంచండి, కోట అక్కడే ఉందంటే మీరు కూర్చునే చోటు ఎటు తిరగాలో తేలిపోయినట్టే. కార్తీకంలో మీ ఒడియా ఇరుగుపొరుగు చౌరా (వాళ్ల తులసి కోట) చుట్టూ మురుజ (రంగుపొడుల ముగ్గు) వేసి దీపం పెడతారు, మన ఇళ్లలోనూ ఆ నెలంతా దీపమే. ఆ దీపానికి ఎదురుగా కూర్చునేలా అరుగు కట్టుకుంటే వేరే అలంకారం అక్కర్లేదు.

లాన్ మాట మర్చిపోండి. గడ్డికి రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి, నెలకి రెండు మూడుసార్లు కత్తిరింపు కావాలి, సబ్బు నీళ్లు పడకూడదు, రోజూ బకెట్లతో తొక్కకూడదు. మీ దొడ్డిలో ఇవన్నీ కుదరవు. మొత్తం సిమెంటు చేస్తే ఇంకో బాధ: జూన్‌లో మొదటి పెద్ద వానకే నీళ్లు వంటింటి గడప దాకా వస్తాయి, మే నెలలో ఆ పడమటి ఎండకి కాలిన సిమెంటు రాత్రి తొమ్మిదైనా వేడి కక్కుతూనే ఉంటుంది.

అసలు మీ దొడ్డి సమస్య అందం కాదు, నీళ్లు. ముందు రూపాయి ఖర్చు పెట్టకుండా ఒక పని చేయండి. ఓ ఆదివారం బట్టలు ఉతికాక ఆ నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూసి అక్కడ ముగ్గుతో గీత గీయండి, అలాగే పొద్దున్న తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి నీడ ఎక్కడి దాకా వస్తుందో కూడా గీసి పెట్టండి. మేస్త్రీని పిలిచేది ఆ తర్వాతే.

బండ చుట్టూ మాత్రం నాలుగడుగుల మేర చప్టా చేయించి, చిన్న గట్టు కట్టి, ఆ నీళ్లు ఒక కాలవలోంచి అరటి పిలకలు, మెట్టతామర వేసిన మడిలోకి వెళ్లేలా చేయండి. ఈ రెండూ ఎన్ని నీళ్లయినా తాగుతాయి. మిగిలింది వీధి కాలవకి. మడిలో నీళ్లు నిలవకూడదు సుమా, గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం పది రోజులు చాలు. కుండీల కింద పెట్టే పళ్లాలు కూడా వారానికోసారి బోర్లించాలి. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, అలాంటి మంచినీళ్లే కావాలి.

మిగతా నేలకి రాతి పలకలు పరిపించండి. టెక్కలి మీకు దూరం కాదు, అక్కడి గ్రానైటు దేశమంతా వెళ్తుంది. కోత కోసే చోట పక్కన పడేసిన ముక్కలు, అంచు సరిగ్గా లేనివి, అసలు ధర కంటే చాలా చౌకగా దొరుకుతాయి. పాలిష్ చేసినవి వద్దు, తడిస్తే జారి పడతారు. ఐదారు అంగుళాలు తవ్వి, గట్టిగా దిమ్మిస కొట్టించి, రెండంగుళాలు కంకర, పైన అంగుళం క్రషర్ డస్ట్ (రాతి పొడి), దాని మీద పలక. సందుల్లో సిమెంటు వద్దు, ఇసుకే పోయండి, వాన నీళ్లు అక్కడే ఇంకుతాయి. వాలు పది అడుగులకి అంగుళంన్నర, అదీ ఇంటి నుంచి బయటికి. మేస్త్రీ కంటితో చూసి "సరిపోద్దమ్మా" అంటాడు, ఒప్పుకోకండి, లెవెల్ పైపు తెప్పించి మీరే దగ్గరుండి చూడండి. నల్ల రాయి ఎండకి బాగా కాలుతుంది కాబట్టి నీడ పడే మేరకే అది, ఎండ పడే చోటికి లేతరంగు ముక్కలు ఏరుకోండి.

కుర్చీలు కొనొద్దు. కోటకి ఎదురుగా గోడ వెంబడి పద్నాలుగు అడుగుల అరుగు కట్టించండి, ఎత్తు 16 అంగుళాలు, లోతు రెండున్నర అడుగులు. కూర్చోవచ్చు, వేసవి రాత్రి చాప పరిచి పడుకోవచ్చు, పొద్దున్న అత్తగారు వడియాలు పెట్టుకోవచ్చు. అరుగుని ముందుకి అరంగుళం వాలిస్తే చాలు, నీళ్లు నిలవవు.

ఇక మీవారు రేకులు అన్నారే, దానికి మాత్రం నేను గట్టిగా అడ్డం. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా దొడ్డి రేకు ఒకటి ఎగిరి పక్కింటివాళ్ల కొబ్బరి మొవ్వులో ఇరుక్కుంది, దాన్ని దింపే మనిషి దొరికేసరికి దసరా వెళ్లిపోయింది. ఎవరి మెడ మీదా పడలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం. మీ గజపతి జిల్లా ఆ తుపానుకి ఎంత దెబ్బతిందో మీకు నేను చెప్పక్కర్లేదు. వెదురు పందిరి వేయించండి. మూడు నాలుగేళ్లు ముదిరిన బొంగులు తీసుకోండి, లేతవి పుచ్చిపోతాయి. బొంగు మొదలు మట్టిలో పాతితే రెండు వానాకాలాలకే కుళ్లిపోతుంది, కాంక్రీటులో ఇనుప పైపు ముక్క నిలబెట్టి అందులో దింపితే పాడైన బొంగు ఒక్కటే మార్చుకోవచ్చు. పడమటి వైపు దొండపాదు ఎక్కించండి. కొమ్మ గుచ్చితే చాలు, ఏళ్ల తరబడి కాస్తుంది, నాలుగు గంటల ఎండని అదే ఆపుతుంది. ఎండ బాగా తగిలే మూల మల్లె వేయండి. పైన గ్రీన్ నెట్ కడితే మాత్రం ముడి విప్పేలా కట్టండి, తుపాను కబురు రాగానే తీసి మడిచి లోపల పెట్టేయాలి.

మునగ కొట్టేయకండి, కానీ దాని కింద అరుగు కట్టకండి. మెత్తటి చెక్క, గాలికి విరుగుతుంది, పైగా గొంగళి పురుగులు టీ గ్లాసులో పడితే మీ కలంతా అక్కడితో సరి. కాయలయ్యాక మూడడుగుల ఎత్తులో నరికించండి, మళ్లీ చిగురు వేస్తుంది, ఆకు చేతికి అందుతుంది.

పెంకుల గుట్ట మాత్రం రేపే తీయించండి. పట్టపగలు, కాళ్లకి బూట్లు, చేతిలో పొడుగు కర్ర ఉండాలి, పాములకీ తేళ్లకీ అంతకంటే మంచి ఇల్లు లేదు. ఫలానా మొక్క వేస్తే పాములు రావంటారు, నేను నమ్మను, గుట్టలు లేకపోతే రావు. బాగున్న పెంకుల్ని నిలువుగా పాతి మడికి అంచు పెట్టండి, మార్కెట్లో దొరికే ఏ సిమెంటు అంచూ అంత బాగుండదు.

మీ నలభై వేలు రాయికీ కూలికీ పెట్టండి. ఊయల వచ్చే ఏడు చూద్దాం.

ప్రశ్న: మాది గుణుపురం. పెరట్లో వాడని నుయ్యి ఉంది. పూడ్చేసి పైన కూర్చునే గచ్చు చేయిద్దామా?

జవాబు: వద్దండీ. పూడ్చిన నుయ్యి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, మీ గచ్చు పగులుతుంది. మనిషి బరువు ఆగే ఇనుప గ్రిల్ వేసి, దానికి తాళం పెట్టి, కింద దోమతెర జాలీ బిగించండి. డాబా మీద వాన నీళ్లు ఇసుక, కంకర పోసిన తొట్టెలోంచి వడగట్టి అందులోకి వదిలితే నుయ్యి మళ్లీ పనికొస్తుంది. కూర్చోవడానికి నూతి చుట్టూ చప్టా ఉండనే ఉంటుంది కదా, దాన్నే రెండడుగులు పెంచుకోండి.

ప్రశ్న: కోరాపుట్‌లో క్వార్టర్స్. తవ్వకూడదు, మేకు కొట్టకూడదు. వెనక పదడుగుల చోటుంది. ఏం చేయగలను?

జవాబు: మీ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరులో మీకు కావలసింది నీడ కాదు, ఎండ. పందిరి జోలికి వెళ్లకండి. పొద్దుటి ఎండ పడే మూలలో ఒక నులక మంచం, ఇటుకల మీద నాలుగు పెద్ద కుండీలు, బదిలీ వస్తే అన్నీ లారీలో ఎక్కిపోతాయి. సాయంత్రానికి ఒక కుంపటి పెట్టుకోండి, కానీ చలి ఎక్కువైందని దాన్ని గదిలోకి తీసుకెళ్లి తలుపులు వేసుకోకండి, బొగ్గుపొగకి వాసన లేకపోయినా ప్రాణం తీస్తుంది. బయటే ఆర్పి, బూడిద చల్లారాక కుండీల్లో కాస్త చల్లండి.