టెక్ సందేహాలు: సెకండ్‌హ్యాండ్ పిస్టల్ మాటిమాటికీ జామ్ అవుతుంటే

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం, గ్రీన్‌కార్డు ఉంది. ఇక్కడి దుకాణంలో 1911 మోడల్, 5 అంగుళాల బ్యారెల్ ఉన్న .45 పిస్టల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. రేంజ్‌లో కాలుస్తుంటే తూటా చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి) సగం దూరం వెళ్లి ఇరుక్కుంటోంది. కొన్నిసార్లు పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పడకుండా స్లైడ్‌లో (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగంలో) నిలువుగా చిక్కుకుంటోంది. పిస్టల్‌తో పాటు రెండు పాత మ్యాగజైన్లు (తూటాలు నింపే పెట్టెలు) ఇచ్చారు. హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉండే) తూటాలు వాడుతున్నాను. విప్పి లోపల నున్నగా అరగదీస్తే సరిపోతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: దయచేసి అరగదీయకండి. తూటా పైకి ఎక్కే ఏటవాలు భాగం 1911లో ఫ్రేమ్‌లోనే ఉంటుంది. దానికీ, బ్యారెల్ అంచుకీ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. ఇసుక కాగితంతోనో, చిన్న గ్రైండర్‌తోనో రుద్దితే ఆ కోణం, ఆ ఖాళీ పోతాయి. పోయిన లోహాన్ని తిరిగి పెట్టలేం, ఖరీదైన ఫ్రేమ్ పాడైపోతుంది. మీరు చెప్పిన లక్షణాలకు చాలాసార్లు అసలు కారణం పిస్టల్ కూడా కాదు, దానిలో పెట్టే మ్యాగజైన్, తూటాలే.

ఏం చూడాలన్నా ముందు పిస్టల్ ఖాళీ చేయండి. మొదట మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగాలి. ఈ వరుస మారితే చాంబర్‌లోకి ఇంకో తూటా ఎక్కుతుంది. చాంబర్‌ను కంటితో చూడండి, వేలితో కూడా తడిమి చూడండి. తూటాలను వేరే గదిలో పెట్టాకే పని మొదలుపెట్టండి.

ఒక్కో తూటా పేలినప్పుడు స్లైడ్ వెనక్కి వెళ్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖాళీ తొడుగును లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి తన్నేస్తుంది. తర్వాత స్ప్రింగ్ స్లైడ్‌ను ముందుకు నెడుతుంది, అది వెళ్తూ వెళ్తూ మ్యాగజైన్‌లోని పై తూటాను చాంబర్‌లోకి తోస్తుంది. తూటా లోపలికి పోతూ ఇరుక్కోవడం, తొడుగు బయటికి రాకపోవడం ఈ వరుసలో రెండు వేర్వేరు చోట్ల జరిగే లోపాలు. కారణం ఒకటే కానక్కర్లేదు. అందుకే ఒకేసారి నాలుగు భాగాలు మార్చేయకండి. ఒకటి మార్చి, కాల్చి, ఏమైందో రాసుకోండి.

మ్యాగజైన్లతో మొదలుపెట్టండి. వాటి అడుగున మార్కర్‌తో 1, 2 అని రాయండి. జామ్ అయిన ప్రతిసారీ అది ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా అన్నది ఫోన్‌లో నోట్ చేసుకోండి. తప్పంతా ఒక్క మ్యాగజైన్‌లోనే కనిపిస్తే సగం సమస్య తీరినట్టే. పై అంచులు వంగినా, లోపలి స్ప్రింగ్ నీరసించినా తూటా సరైన కోణంలో లేవదు. మ్యాగజైన్ అరిగిపోయే వస్తువు. కారు టైరులాగే కాలం తీరాక మార్చాల్సిందే. మంచి కంపెనీది కొత్తది ఒకటి కొనండి, మిగతా పరీక్షలన్నీ దానితోనే చేయండి.

తర్వాత తూటాలు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. అప్పటి తూటాలోని గుండు 230 గ్రెయిన్ల బరువుతో, గుండ్రని ముక్కుతో, మొత్తం లోహపు పూతతో ఉండేది. పాత తరహా 1911లు ఆ ఆకారానికే కుదిరినవి. హాలో పాయింట్ వెడల్పు నోరు వాటిలో అంచుకు తగిలి ఆగిపోవడం సహజం. కొన్నాళ్లు హాలో పాయింట్ పక్కన పెట్టి, పేరున్న కంపెనీ 230 గ్రెయిన్ గుండ్రని ముక్కు తూటాలతో కాల్చి చూడండి. పాత యజమాని ఇంట్లో తయారుచేసిన తూటాలు ఇచ్చి ఉంటే వాటిని మాత్రం అసలు కాల్చకండి.

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న పిస్టల్‌లో నూనె ఎండి జిగురవుతుంది. మాన్యువల్ చూసి విప్పి, శుభ్రం చేసి, స్లైడ్ జారే గాడులకు పల్చగా నూనె రాయండి. తొడుగు నిలువుగా ఇరుక్కోవడానికి చేతి పట్టు వదులుగా ఉండటం కూడా కారణమే. రేంజ్‌లో అనుభవం ఉన్నవాళ్లతో అదే మ్యాగజైన్, అవే తూటాలతో కాల్పించి చూడండి. వాళ్ల చేతిలో జామ్ కాకపోతే మార్చాల్సింది పట్టే.

ఇవన్నీ చేశాక రీకాయిల్ స్ప్రింగ్, అంటే స్లైడ్‌ను ముందుకు నెట్టే స్ప్రింగ్. 5 అంగుళాల .45కు మామూలుగా 16 పౌండ్ల స్ప్రింగ్ ఉంటుంది. పాత యజమాని 18, 20 పౌండ్లది వేసి ఉండొచ్చు. అప్పుడు స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు, తొడుగు చిక్కుకుంటుంది. స్ప్రింగ్ నీరసిస్తే స్లైడ్ పూర్తిగా మూసుకోదు, ఫ్రేమ్‌కూ దెబ్బలు తగులుతాయి. లోపల ఉన్నది ఎంత పాతదో తెలియదు కాబట్టి, ఎవరు సెకండ్‌హ్యాండ్ 1911 కొన్నా ఈ స్ప్రింగ్ కొత్తది వేయమనే చెబుతాను. దాని ఖరీదు ఎంతో కాదు.

అప్పటికీ తొడుగులు ఇరుక్కుంటుంటే ఎక్స్‌ట్రాక్టర్‌ను అనుమానించాలి. అసలు 1911 డిజైన్‌లో దానికి వేరే స్ప్రింగ్ ఉండదు, ఆ ఉక్కు ముక్కే స్ప్రింగ్‌లా పట్టుకోవాలి. తూటాను చేత్తో నేరుగా చాంబర్‌లో వేసి స్లైడ్ వదిలే అలవాటు కొందరికి ఉంటుంది. అలా చేస్తే కొక్కెం తూటా అంచు మీదికి బలవంతంగా ఎక్కి, బిగువు పోతుంది. ఈ బిగువు సరిచేయడం గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పని.

మూడు సందర్భాల్లో మాత్రం పరీక్షలు అక్కడికక్కడే ఆపేయండి. శబ్దం మామూలు కంటే బలహీనంగా వస్తే గుండు బ్యారెల్‌లోనే ఆగి ఉండొచ్చు, వెనకాలే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. క్లిక్‌మని పేలకపోతే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది. స్లైడ్ మూసుకోగానే హ్యామర్ (పిస్టల్ వెనక ఉండే సుత్తి లాంటి భాగం) తనంతట తానే కిందికి జారితే ఇక ఆ పిస్టల్‌లో తూటా పెట్టవద్దు, నేరుగా గన్‌స్మిత్‌కు ఇవ్వండి.

ఇంకొక్క మాట. ఫోన్ బ్యాటరీలో లోపం ఉంటే అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ రీకాల్ చేయించగలదు. తుపాకుల మీద ఆ కమిషన్‌కు అధికారం లేదు, కంపెనీ తనంతట తాను ప్రకటించాల్సిందే. రూగర్ కంపెనీ పిస్టళ్లలో ఎల్‌సీపీకి 2008లో, మార్క్ 4కు 2017లో రీకాల్ వచ్చింది. సిగ్ కంపెనీ పీ320 పిస్టల్‌కు 2017లో ఉచిత అప్‌గ్రేడ్ ప్రకటించారు. ఇలాంటి ఉత్తరం ఏదైనా వస్తే మొదటి యజమానికి వస్తుంది గానీ మీకు రాదు. ఏ పిస్టల్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా సీరియల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవడం మీ బాధ్యతే.

ప్రశ్న: డాలస్‌లో ఎఫ్-1 వీసా మీద ఎమ్మెస్ చేస్తున్నాను. రూమ్మేట్ పరిచయస్తుడు పాత పిస్టల్ చవగ్గా ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. సొంతానికి కొంటేనే తప్పు అనుకోకండి, సరదాకి రేంజ్‌లో చేతిలోకి తీసుకోవడం కూడా ఇబ్బంది తెచ్చిపెట్టొచ్చు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. వీసా సంగతి సరేసరి. మినహాయింపు వర్తిస్తుందేమో అనిపిస్తే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే అడుగు వేయండి.

ప్రశ్న: మాది హైదరాబాద్. మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తోంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పిస్టల్‌తో కాలిస్తే పెల్లెట్లు కొంతసేపటికి టార్గెట్ మీద కిందికి తగులుతున్నాయి. పిల్లకి పోటీల టెన్షన్, మాకు ఖర్చు భయం.

జవాబు: ముందు గాలి సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ సిలిండర్లను 200 బార్ ఒత్తిడి వరకు నింపుతారు, కంపెనీలు వాటికి సాధారణంగా 10 ఏళ్ల గడువు పెడతాయి. గడువు లోపల ఉందో లేదో చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన. తేదీ దాటి ఉంటే దాన్ని ఇక నింపవద్దు, కొత్త సిలిండర్ కొనండి. తేదీ బాగుంటే, నిండా నింపి గేజ్ రీడింగ్ రాసుకుని రాత్రంతా వదిలేయండి. పొద్దునకు తగ్గితే సీల్ కారుతోంది. తగ్గకపోతే అకాడమీలో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉందేమో అడగండి. ఈ తరహా పిస్టల్‌లో పెల్లెట్ వేగం సెకనుకు సుమారు 150 మీటర్లు ఉంటుంది. షాట్ షాట్‌కూ అది పడిపోతుంటే రెగ్యులేటర్‌ను (గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే భాగాన్ని) సర్వీస్ చేయించాలి. గాలి ఉండగా ఆ భాగాన్ని ఇంట్లో విప్పవద్దు.