గవర్నరు ఓడ ఎక్కినవాడే

సందేహం: "ఫెలిపె కారిల్లో ప్యూర్టో 1922లో మెక్సికోలోని యుకతాన్ రాష్ట్ర గవర్నరుగా నియమితుడయ్యాడు, 1924లో ఉరితీశారు" అని చదివాను. ఇక్కడ 'గవర్నరు' సరైన మాటేనా? 'ముఖ్యమంత్రి' అనాలా?

సమాధానం: మీరు అడిగిన మాట నిక్షేపంగా ఉంది. తప్పు దాని పక్కనున్న 'నియమితుడు'లో ఉంది. మన గవర్నరును 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. మెక్సికోలో గవర్నరు ప్రజల ఓట్లతో గెలిచి, రాష్ట్రాన్ని తానే ఏలతాడు. కాబట్టి 'ఎన్నికయ్యాడు' అనాలి. శాసనసభలో మెజారిటీ మీద నిలిచే పదవి కాదు కనుక 'ముఖ్యమంత్రి' పొసగదు.

స్పానిష్ 'గొబెర్నదోర్'కు మూలం లాటిన్ 'గుబెర్నాతోర్'. దానికీ వెనక గ్రీకు 'కుబెర్నేతేస్'. అర్థం ఒక్కటే: చుక్కాని పట్టేవాడు. (సైబర్ నేరాల 'సైబర్' కూడా ఈ ఓడ దిగిందే.) సంస్కృతంలో ఇతడే కర్ణధారుడు. కర్ణమంటే చెవే కాదు, చుక్కాని కూడా. "కర్ణధారస్తు నావికః" అన్న అమరకోశ కర్త అమరసింహుడు వెంటనే "నియామకాః పోతవాహాః" అన్నాడు. అంటే నియామకుడూ ఓడ నడిపేవాడే! ఆ మాటను ఉద్యోగాల ప్రకటనలకు కట్టేసి, గెలిచినవాణ్ణీ ఓడినవాణ్ణీ కూడా 'నియమించేస్తున్నాం'. వాడుకలో పాతుకుపోయింది కనుక 'నియామకం' మానమనను, ఎన్నికల దగ్గర మాత్రం వద్దు. అన్నట్టు మన చుక్కాని కూడా అరబ్బీ 'సుక్కాన్' నుంచి వచ్చిందే.

ఇక ఆ గవర్నరును ఉరితీయలేదు. 1924 జనవరి 3న యుకతాన్ రాజధాని మెరిద శ్మశానంలో ముగ్గురు తమ్ముళ్లతో, సహచరులతో పాటు తిరుగుబాటు సైన్యం కాల్చి చంపింది. మరణశిక్ష అనగానే 'ఉరి' రాసేయడం పత్రికలకు అలవాటైపోయింది. కిత్తనార జాతి మొక్కల తోటల యజమానులకు కంటగింపైన మనిషి, 1922 ఫిబ్రవరి 1న పదవి చేపడుతూ మాయా భాషలో ప్రసంగించినవాడు. ఆయన చావునైనా సరిగా రాయాలి.

ఆయన పేరు పలకాల్సింది 'కర్రీయో ప్వెర్తో' అని. స్పానిష్‌లో రెండు 'ఎల్'లు కలిస్తే యకారం పలుకుతుంది. తండ్రి ఇంటిపేరు ముందు, తల్లిది తర్వాత. ఒక్క 'ప్వెర్తో' అంటే తండ్రిని వదిలేసినట్టే, రెండూ కలిపి రాయండి. ప్వెర్తో అంటే రేవు.